మా లెక్క మాకెప్పుడు చెప్తారు?

పోయిన సంక్రాంతి వెళ్ళిన వారానికి అనుకుంటా, పదింటివేళ నేనూ మా ఆడపడుచూ గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలు వలుస్తున్నాం. ఆవిడ గుడివాడలో ఇల్లు అద్దెకిచ్చేసి ఏడాదిగా బందరులో మా పక్క వాటాలోనే ఉంటోంది. మా వీధి ఆశా అమ్మాయి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్లే. చంకలో రిజిస్టరు, చేతిలో ఫోను. "టీచరుగారూ, బీపీ షుగరు సర్వే అండీ" అంటూ నా వివరాలు రాసుకుంది. తర్వాత మా ఆడపడుచు వైపు తిరిగి, "పిన్నిగారూ, మీకేమైనా ఆపరేషన్లు అయ్యాయాండీ? గర్భసంచి తీయించుకున్నారా?" అని మామూలుగానే అడిగింది.

అంతే! ఆవిడ చేతిలో కాయలు చాటలో పడేసింది. "ఏం, ఊరంతా చాటింపు వేయిస్తావా? నీ ఫోనులో పడితే ఇంక దాగుతుందా? ఏ ఆపరేషనూ లేదు, ఏ జబ్బూ లేదు, అలా రాసుకుని వెళ్ళు" అంది. ఆ పిల్ల నా మొహంకేసి చూసింది. నేనేం చెప్పను? చిక్కుడుకాయలకేసి చూశాను.

ఎందుకంటే ఆవిడకి ఆపరేషను అయింది. 31 ఏళ్ళకే అయింది. తెల్లబట్ట అవుతోందని గుడివాడలో ఒక నర్సింగు హోముకి వెళితే, "ఉంచుకుంటే క్యాన్సరు వస్తుంది, తీసేద్దాం, ఇద్దరు పిల్లలున్నారు కదా ఇంకెందుకు?" అన్నారట. మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టి చేయించారు. అందులో మా తప్పూ ఉంది. డాక్టరు చెప్పాడంటే అదే వేదం అనుకున్నాం, ఇంకొకరికి చూపిద్దామని ఇంట్లో ఒక్కరమూ అనలేదు. 47 ఏళ్ళకి బాత్రూంలో కాలు జారితే మణికట్టు విరిగింది. ఎముకలు డొల్లబారాయన్నారు. బందరులో డాక్టరమ్మగారు అడిగిన మొదటి ప్రశ్న: "అప్పుడు అండాశయాలు కూడా తీసేశారా, ఉంచారా?"

ఆవిడకి తెలీదు. మా ఎవరికీ తెలీదు. తన కడుపులో ఏముందో ఏం లేదో తనకే తెలీదు! గుడివాడ వెళ్ళి అడిగితే, "అంత పాత కాగితాలు ఎవరుంచుతారండీ" అన్నారు. డిశ్చార్జి చీటీ అప్పట్లో ఇచ్చారో లేదో కూడా గుర్తులేదు. ఇప్పుడు చెప్పండి, ఆశా అమ్మాయి మీద ఆవిడ కసురుకోవటం తప్పా?

తప్పు కాదనే నేనూ అనుకున్నాను. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో మా పుట్టింటి గోడ గుర్తొచ్చింది.

మాది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నాకు 13 ఏళ్ళు. దాని గురించి ఇప్పుడు కొత్తగా చెప్పేదేముంది, మన జిల్లాలో ప్రతి ఇంటికీ ఒక కథ ఉంది. సర్కారు లెక్కలో సుమారు 10,000 మంది పోయారు. ఇంకా ఎక్కువేనని మా వాళ్ళందరూ అంటారు, నేనూ అంటాను. కోతలకొచ్చిన కూలీలు, చేపల వేటకొచ్చినవాళ్ళు, ఏ ఊరివాళ్ళో తెలియని వాళ్ళు... ఏ కార్డులోనూ పేరు లేని మనిషి చచ్చిపోతే ఏ లెక్కలోకి వస్తాడు? శవాలని గుట్టలుగా వేసి తగలబెట్టాల్సి వచ్చిన రోజులవి.

నీళ్ళు తీసిన కొన్నాళ్ళకి ఎవరో ఇద్దరు వచ్చారు. మా ఇంటి గోడ మీద ఉప్పునీళ్ళు నిలిచిన చార ఉంది. దాన్ని టేపు పెట్టి కొలిచి పుస్తకంలో రాసుకున్నారు. నీళ్ళు ఎటునుంచి వచ్చాయి, ఎన్నింటికి వచ్చాయి అని మా అమ్మని అడిగారు. చెల్లెల్ని పోగొట్టుకుని ఉంది మా అమ్మ. "మనుషులు పోయి మేం ఏడుస్తుంటే మీరు గోడలు కొలుచుకుంటారేమయ్యా" అని తిట్టింది. వాళ్ళేమీ మాట్లాడకుండా తల వంచుకుని వెళ్ళారు. ఎవరో, ఎందుకో మాకు చెప్పలేదు. మళ్ళీ రాలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, టీచరునయ్యాక, బళ్ళో పిల్లలకి తుపాన్ల గురించి పాఠం చెప్పటానికని చదువుతుంటే తెలిసింది. ఉప్పెన ఎంత ఎత్తు లేస్తుందో, ఎంత దూరం లోపలికొస్తుందో ముందే లెక్కగట్టే పద్ధతి తయారుచేసిన శాస్త్రవేత్తలు, తమ లెక్క సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవటానికి వాడుకున్న తుపాన్లలో మాదే ముఖ్యమైనదట. ఢిల్లీ ఐఐటీ వాళ్ళ పరిశోధన 1981లోనే అచ్చయింది. 5 మీటర్ల ఎత్తు వరకూ లేచిన నీళ్ళు అంటూ మనం చెప్పుకునే అంకె ఊరికే ఆకాశంలోంచి ఊడిపడలేదు. మాలాంటి ఇళ్ళ గోడల చారలూ, మా అమ్మలాంటి వాళ్ళు చెప్పిన వేళలూ ఎక్కడో ఎవరో రాసుకోబట్టే తేలాయి. అంతకు ముందు 1864 నవంబరులో మా బందరుని ముంచిన ఉప్పెన సంగతి కూడా అంతే. సుమారు 30,000 మంది పోయారని అప్పటి దొరలు తమ ప్రభుత్వం అవసరానికి రాసుకున్నారు. అది నూరేళ్ళ తర్వాత, ఈ తీరానికి ఎంత ప్రమాదం రాగలదో చెప్పే సాక్ష్యమైంది.

1990 మే 9న మళ్ళీ కృష్ణ సముద్రంలో కలిసేచోటే అంత పెద్ద తుపానూ తీరం దాటింది. ఈసారి బందరులో రాడారు ఉంది, ముందే హెచ్చరించారు, లక్షలమందిని పల్లెల్లోంచి కదిలించారు. రాష్ట్రం మొత్తం మీద పోయినవాళ్ళు వెయ్యి లోపు. ఆ వెయ్యీ తక్కువని కాదు. కానీ దివిసీమ మళ్ళీ శ్మశానం కాలేదు. ఆ గోడ కొలిచిన పెద్దమనుషులు ఒక్కసారి వెనక్కి వచ్చి, "అమ్మా, నువ్వారోజు చెప్పింది ఇందుకు పనికొచ్చింది" అని ఒక్క మాట చెప్పుంటే, మా అమ్మ తన తిట్లకి ఎంత సిగ్గుపడేదో, ఎంత సంతోషపడేదో! ఆవిడ పోయి 12 ఏళ్ళయింది. తెలీకుండానే పోయింది.

మా ఆడపడుచు విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది.

కేంద్ర ఆరోగ్యశాఖ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేయిస్తుందని మీరు పేపర్లో చూసే ఉంటారు. 1992-93లో మొదలయింది. 2015-16లో జరిగిన నాలుగో విడతలో దేశం మొత్తం మీద దాదాపు 7 లక్షలమంది ఆడవాళ్ళతో మాట్లాడారు. గర్భసంచి తీయించుకున్నారా, ఎన్నో ఏట, ఎక్కడ, ఎందుకు అని అంత పెద్ద ఎత్తున ఇంటింటికీ వెళ్ళి అడగటం అదే మొదలు. జవాబులు కూడితే ఏం తేలింది? 15 నుంచి 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో గర్భసంచి లేనివాళ్ళు దేశంలో నూటికి 3.2 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. తెలంగాణలో 7.7. అంటే దేశంలోకెల్లా మనమే ముందున్నాం! అందులోనూ దేశం మొత్తం మీద మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

ఆ జవాబుల మూటని, పేర్లు తీసేసి, పరిశోధకులు ఎందరో మళ్ళీ మళ్ళీ విప్పి చూశారు. చదువు తక్కువున్న వాళ్ళకా ఎక్కువ, పల్లెల్లోనా, భీమా ఉన్నవాళ్ళకా అని రకరకాలుగా పరిశీలించారు. సర్వే మొదలుపెట్టినవాళ్ళు అనుకోని ప్రశ్నలు కూడా వీళ్ళు వేశారు. ఈలోపు వేరే రాష్ట్రాల్లో అక్కర్లేని ఆపరేషన్ల మీద ఒక డాక్టరుగారు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కేంద్రం 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు, మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ వాటిని అమలు చెయ్యాలంది. జిల్లా దాకా పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. మన జిల్లాలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూచుందో ఏ ఆడమనిషికైనా తెలుసా? నాకైతే తెలీదు.

అయినా చూడండి. ఒక్క మా ఆడపడుచు కథ చెపితే "పాపం ఆవిడ ఖర్మ" అంటారు. ఏడు లక్షల జవాబులు పక్కపక్కన పేర్చితే అప్పుడది ఖర్మ అని ఎవరూ అనలేరు. అది కనపడాలంటే ఎవరో ఒకరు గుమ్మంలో నిజం చెప్పి ఉండాలి కదా. "ఏ ఆపరేషనూ లేదు, అలా రాసుకో" అని అందరూ అని ఉంటే, ఆంధ్రా కూడా 3 దగ్గరే ఉండేది, అంతా సవ్యంగానే ఉందనుకునేవాళ్ళం.

నేను 1991, 2001, 2011 మూడు జనాభా లెక్కలకీ ఎన్యూమరేటరుగా తిరిగాను. బందరులోనూ తిరిగాను, గుడివాడ పక్క పల్లెల్లోనూ తిరిగాను. "ఏం పని చేస్తావమ్మా?" అంటే, మోకాలిలోతు బురదలోంచి నాట్లేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న మనిషి కూడా "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అనేది. లేదా వెనకనుంచి మొగుడు అనేవాడు. నేను విడమరిచి అడిగి సరిచేసిన ఇళ్ళు కొన్నే, ఎండకి విసుగొచ్చి అలాగే రాసేసిన ఇళ్ళూ ఉన్నాయి. నిజం ఒప్పుకోవాలి. ఇప్పుడు వేరే సర్వే ఉంది లెండి, రోజులో ఎవరు ఎంతసేపు ఏ పని చేస్తున్నారో అడిగేది. 2024లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు అందుకు రోజుకి 289 నిమిషాలు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేల్చింది. 88 అంటే మా ఇంట్లో నవ్వారు, అంత కూడానా అని!

జనాభా లెక్కల్లో మాకు మొదటిరోజు శిక్షణలోనే చెప్పేవాళ్ళు: 1948 జనగణన చట్టం ప్రకారం ఒక్కొక్కరు చెప్పింది బయటపెట్టకూడదు, కోర్టులో సాక్ష్యంగా కూడా చెల్లదు అని. ఆ మాట చెప్పగానే కొందరు ఆడవాళ్ళు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పేవాళ్ళు. మొదటి పెళ్ళి, చనిపోయిన బిడ్డ, ఇంటికి రాని మొగుడు. దాచిపెడతామని మాటిస్తేనే నిజం బయటికొస్తుంది. 2021లో జరగాల్సిన లెక్కలు కోవిడ్ వల్ల ఆగి 2027కి వాయిదా పడ్డాయి, ఈసారి ఫోనుల్లో రాస్తారట. కాగితం మీద రాసిన మాకే అంత జాగ్రత్త చెప్పారు.

సరే, మాటిచ్చి తప్పితే? తప్పారు కూడా, ఇది ఊహ కాదు. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షా ముప్ఫైవేల మందికి పైగా పేదల ఆధార్ నంబర్లు, కులం, మతంతో సహా ఎవరైనా చూడగలిగేలా పడి ఉన్నాయి. అదే ఏడాది జూన్‌లో అన్న సంజీవని దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేరూ ఫోను నంబరుతో కనపడింది. ఒక ఆడపిల్ల ఏ మందు కొందో వీధికి తెలిస్తే ఏమవుతుందో ఈ పేజీ చదివేవాళ్ళకి నేను వివరించక్కర్లేదు. మా అమ్మాయి కడుపుతో ఉండగా ఒకచోట స్కానింగు చేయించుకుంటే, ఆ వారంలోనే బొడ్డుతాడు రక్తం దాచుకోమని ఒకరు, పిల్లల భీమా అని ఒకరు ఫోను. నాలుగో నెలని వాళ్ళకెవరు చెప్పారు? ఆ బిడ్డ నిలవలేదు. ఫోన్లు మాత్రం తొమ్మిదో నెల దాకా వచ్చాయి. "కంగ్రాట్యులేషన్స్ మేడం" అనేవాళ్ళు. నంబరు మార్చేసింది.

దీన్నీ, ఉప్పెన చార కొలవటాన్నీ ఒకే గాటన కట్టలేం. రెండింట్లోనూ ఒకపనికిచ్చిన వివరం ఇంకోపనికి వాడారు. అక్కడ మా ఊరి చార మరో ఊరివాళ్ళ ప్రాణం కాపాడింది, అందులో మా ఇంటిపేరుతో ఎవరికీ పనిలేదు. ఇక్కడ మా పిల్ల పేరూ నంబరే సరుకు. పరిశోధకుడికి కావలసింది ఎంతమంది, ఏ వయసు, ఎందుకు. ఫలానా వీధిలో ఫలానా ఆవిడ అన్నది వాళ్ళకి అక్కర్లేదు. ఆ ఆరోగ్య సర్వేలవాళ్ళు చేసే ఒక పని నాకు భలే నచ్చింది. మ్యాపు మీద ఊరి చుక్క పెట్టేటప్పుడు కావాలనే దాన్ని కొన్ని కిలోమీటర్లు అటూఇటూ జరుపుతారు. వానలూ నీళ్ళూ ఆసుపత్రి దూరం లెక్కగట్టటానికి ఆ మాత్రం తేడా అడ్డురాదు, మన గుమ్మం మాత్రం దొరకదు.

అడగకుండా తీసుకుని లోకానికి మేలు చేసినా తప్పేనా అంటే, నాకు హెన్రియెట్టా లాక్స్ గుర్తొస్తుంది. అమెరికాలో ఒక పేద నల్లజాతి ఇల్లాలు, అయిదుగురు పిల్లల తల్లి. 1951లో గర్భసంచి ముఖద్వారం క్యాన్సరుతో 31 ఏళ్ళకే పోయింది. మా ఆడపడుచుకి ఆపరేషనైన వయసే. ఆవిడ కణితిలోంచి తీసిన ముక్కలోని కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూనే ఉన్నాయి. పోలియో టీకాని పరీక్షించటానికి అవి పనికొచ్చాయి. ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్నారు, అమ్ముకున్నారు కూడా. ఆవిణ్ణి అడగలేదు. ఇంట్లోవాళ్ళకి ఇరవై ఏళ్ళు దాటాక గానీ తెలీలేదు. వాటితో వ్యాపారం చేసిన ఒక కంపెనీ 2023లో వారసులతో రాజీ చేసుకుంది. 72 ఏళ్ళకి!

అంత దూరం ఎందుకు, మన ఖమ్మం జిల్లా సంగతే చూడండి. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం వైపు 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఆ ముఖద్వారం క్యాన్సరు రాకుండా టీకా వేయించారు, టీకా పథకం ఎలా నడుస్తుందో చూడటానికి. ఎందరో హాస్టలు పిల్లలు. అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోతే గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. సంతకాల సంగతిని మాత్రం 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కానీ మన దగ్గర ఎంతమంది తల్లులు ఆ పేరు వినగానే పిల్లని వెనక్కి లాక్కుంటున్నారో గమనించారా? తల్లిని కూచోబెట్టి అరగంట చెప్పటానికి బద్ధకించినందుకు ఇంతకాలం మూల్యం చెల్లిస్తున్నాం.

ఇప్పుడు చట్టం వచ్చింది. 2023లో వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం చేశారు, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, దశలవారీగా అమల్లోకి తెస్తామన్నారు. అందులో పరిశోధనకీ గణాంకాలకీ వెసులుబాటు ఉంది, ఆ వివరాలతో ఫలానా మనిషి మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదన్న షరతుతో. ఆ షరతు నాకు న్యాయంగానే తోచింది. నా బీపీ లెక్కతో జిల్లాకి మందులు తెప్పించండి, వద్దనను. అదే లెక్క చూసి నా పింఛనో నా భీమానో ఆపకండి. వెసులుబాటు పేరు చెప్పి కంపెనీలు పరిశోధన ముసుగేసుకుంటే ఎవరు పట్టుకుంటారన్నదే నా అనుమానం. ప్రభుత్వానికే బోలెడు మినహాయింపులు ఇచ్చుకున్నారు, అది నాకు నచ్చలేదు.

ఇందులో మనం చెయ్యగలిగిందీ ఉంది. ఆసుపత్రిలో చేరి వస్తే డిశ్చార్జి చీటీ, స్కానింగు, ముక్క పరీక్ష కాగితం అడిగి తీసుకోండి. వైద్యమండలి 2002 నిబంధనల ప్రకారం, చేరిన రోగి కాగితాలు మూడేళ్ళు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్ళు దాటితే మా ఆడపడుచు గతే. ఓపీ చీటీ దగ్గర ఆభా అని 14 అంకెల ఆరోగ్య నంబరు ఇస్తామంటారు. అది తీసుకోవటం మన ఇష్టం, తీసుకున్నా మన కాగితాలు ఎవరు చూడాలన్నదానికి మన అనుమతి కావాలి. కౌంటరులో పిల్లవాడు "ఓటీపీ చెప్పండమ్మా" అంటే గబుక్కున చెప్పేయకుండా, ఎందుకు బాబూ అని అడగండి. వెనక క్యూలోవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

అధికారులతో మాత్రం నాది ఒక్కటే పేచీ. గుమ్మంలోకి వచ్చి అడిగినంత శ్రద్ధగా, తేలిన లెక్కని మళ్ళీ అదే గుమ్మంలోకి తెచ్చి చెప్పరేం? 8.9 అన్న అంకె ఢిల్లీలో తెలుసు, బొంబాయిలో తెలుసు, దాని మీద పుస్తకాలు రాసినవాళ్ళకి తెలుసు. గుడివాడ నర్సింగు హోము బల్ల మీద కూచుని "తీయించుకోమంటారా డాక్టరుగారూ" అని అడుగుతున్న 30 ఏళ్ళ పిల్లకి తెలీదు. ఆ పిల్లకి తెలిస్తే కదా ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళేది. పంచాయతీ బోర్డు మీద రాయొచ్చు, అంగన్‌వాడీలో చెప్పొచ్చు, డ్వాక్రా మీటింగులో చదవొచ్చు. మన జవాబులతో మనకే పాఠం చెప్పటానికి ఎంత ఖర్చవుతుంది?

ఇదంతా మా ఆడపడుచుకి చెప్పాను, గోడ సంగతితో సహా. ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత ఆశా అమ్మాయి వీధిలో పోతుంటే తనే పిలిచింది. "ఇదుగో అమ్మాయ్, ఆపరేషనైంది, 31 ఏళ్ళకి, గుడివాడలో. రాసుకో. పేరు మాత్రం వీధిలో అన్నావంటే ఊరుకోను."

ఆ పిల్ల రాసుకుంది. మా ఆడపడుచు గడప దిగి, "ఇలాంటివాళ్ళు మన బందరులో ఎంతమందున్నారో లెక్క తేలాక నాకొచ్చి చెప్తావా?" అనడిగింది.

"మాకే చెప్పరు కదండీ పిన్నిగారూ" అంది ఆ పిల్ల, ఫోను సంచిలో పెట్టుకుంటూ.